ఆర్ తప్పు లెక్క చూపిస్తోందా? బగ్ అని రిపోర్ట్ చేసే ముందు ఈ స్టెప్స్ చూడండి

ఫోన్‌లో ఒక యాప్ పాడైతే వెంటనే తెలిసిపోతుంది. హ్యాంగ్ అవుతుంది, లేకపోతే దానంతట అదే క్లోజ్ అవుతుంది. డేటా లెక్కలకు వాడే ఆర్ లాంగ్వేజ్‌తో వచ్చే చిక్కు వేరే. ప్రోగ్రామ్ ఆగదు, ఎర్రర్ రాదు, టేబుల్ నీట్‌గా ప్రింట్ అవుతుంది. కానీ అందులో ఒక మండలం కనిపించదు, లేదా ఒక సంఖ్య తేడాగా ఉంటుంది. అప్పుడు చాలామంది చేసేవి రెండే. "ఆర్‌లో ఏదో బగ్ ఉంది" అని వదిలేస్తారు, లేదా ఏమీ చూడకుండా కోపంగా ఒక రిపోర్ట్ పెట్టేస్తారు. రెండింటి వల్లా పని జరగదు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. బగ్ టికెట్లు చదవడం నా ఉద్యోగంలో రోజువారీ పని. అందుకే ఈ విషయాన్ని రిపోర్ట్ పంపేవాళ్ల వైపు నుంచే కాకుండా దాన్ని చదివేవాళ్ల వైపు నుంచి కూడా చెప్తాను. తప్పు మన డేటాలో ఉందా, ప్యాకేజీలో ఉందా, ఆర్‌లోనే ఉందా అని ఎలా తేల్చుకోవాలి, తేలాక ఎవరికి, ఏం రాసి పంపాలి అన్నది ఇందులో చూద్దాం. తెలుగు డేటాతో పనిచేసేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ అవసరం. ఎందుకో ముందుకు వెళ్తే తెలుస్తుంది.

గమనిక: ఈ ఆర్టికల్‌లో కమాండ్ల పేర్లు తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. టైప్ చేసేటప్పుడు మాత్రం మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

ముందు ఆర్ గురించి రెండు ముక్కలు

ఆర్‌ను న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ మొదలుపెట్టారు. 1995లో అది ఓపెన్ సోర్స్ అయింది. 1997 నుంచి ఆర్ కోర్ టీమ్ అనే చిన్న బృందం దాని సోర్స్ కోడ్‌ను చూసుకుంటోంది. 1.0.0 వెర్షన్ 2000 ఫిబ్రవరి 29న వచ్చింది. ఢిల్లీ ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే దీపాయన్ సర్కార్ కూడా ఆ కోర్ టీమ్ సభ్యుడే.

ఫోన్‌తో పోల్చి చెప్తే సులువుగా అర్థమవుతుంది. బేస్ ఆర్ అంటే ఆండ్రాయిడ్ లాంటిది. దానిమీద ఇన్‌స్టాల్ చేసుకునే ప్యాకేజీలు యాప్‌ల లాంటివి. క్రాన్ అనే స్టోర్‌లో 20 వేలకు పైగా ప్యాకేజీలు ఉన్నాయి, ఒక్కోదాన్ని ఒక్కొక్కరు రాశారు. మనం కోడ్ కొట్టే ఆర్‌స్టూడియో మరో ముక్క, దాన్ని పాజిట్ అనే కంపెనీ తయారు చేస్తుంది. వాట్సాప్ హ్యాంగ్ అయితే గూగుల్‌కి కంప్లయింట్ ఇవ్వం గదా. ఇక్కడా అంతే. సమస్య ఏ ముక్కలో ఉందో తేల్చడమే మొదటి పని.

ఇంకో విషయం. ఆర్‌కు కస్టమర్ కేర్ నంబర్ లేదు. వేరే ఉద్యోగాలు చేసుకుంటూ దీనికి టైమ్ ఇచ్చేవాళ్లే మీ రిపోర్ట్ చదువుతారు. వాళ్ల మెషీన్‌లో ఆ తప్పు మళ్లీ కనిపిస్తేనే పని ముందుకు కదులుతుంది.

ఒక కేసు: 13 మండలాలు ఇస్తే 12 వచ్చాయి

మాది కోనరావుపేట కాబట్టి ఉదాహరణ మా జిల్లా నుంచే తీసుకుంటా. రాజన్న సిరిసిల్ల జిల్లా 2016 అక్టోబర్ 11న ఏర్పడింది. ఇందులో 13 మండలాలు ఉన్నాయి. ఒక సర్వే చేశారనుకుందాం. మండలాల లిస్ట్ ఒక ఫైల్‌లో ఉంది, దాన్ని ల్యాప్‌టాప్‌లో టైప్ చేశారు. రెండో ఫైల్‌లో ఫోన్‌లోంచి తెలుగు కీబోర్డ్‌తో నింపిన ఫారాల వివరాలున్నాయి. మండలం పేరు ఆధారంగా రెండింటినీ మెర్జ్ ఫంక్షన్‌తో కలిపారు. 13 వరుసలు రావాలి, 12 వచ్చాయి. ముస్తాబాద్ మాయం. ఎర్రర్ లేదు, వార్నింగ్ కూడా లేదు.

ఆ టేబుల్ తాగునీటి గురించో, స్కాలర్‌షిప్‌ల గురించో అయితే? ఒక మండలం మొత్తం లెక్కలోంచి తప్పుకుంది, ఎవరికీ తెలియలేదు. అందుకే వరుసలు లెక్కపెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. ఇప్పుడు దీన్ని ఒక్కో స్టెప్‌గా విప్పుదాం.

స్టెప్ 1: ఏది పోయిందో చూడండి. మెర్జ్‌లో ఆల్ అనే ఆప్షన్‌ను ట్రూ చేసి మళ్లీ రన్ చేయండి. ఇప్పుడు 14 వరుసలు వస్తాయి. ముస్తాబాద్ రెండుసార్లు కనిపిస్తుంది, ఒక్కో దాంట్లో సగం గడులు ఖాళీ. అంటే ఆర్ ఆ రెండు పేర్లనూ వేర్వేరు పేర్లుగా చూస్తోంది.

స్టెప్ 2: సమస్యను చిన్నది చేయండి. 13 వరుసలు, 20 కాలమ్‌లు మనకొద్దు. ఆ రెండు పేర్లను మాత్రమే బయటికి తీసి రెండు ఈక్వల్ గుర్తులతో పోల్చండి. ఫాల్స్ వచ్చింది. మెర్జ్‌కు దీంతో సంబంధం లేదని ఇక్కడే తేలిపోయింది.

స్టెప్ 3: పొడవు చూడండి. ఎన్‌చార్ ఫంక్షన్ ఒక పేరుకు 10 అని, రెండోదానికి 11 అని చెప్తుంది. కంటికి రెండూ ఒకేలా ఉన్నా ఒకదాంట్లో ఏదో అదనంగా ఉంది.

స్టెప్ 4: లోపల ఏముందో చూడండి. యూటీఎఫ్8టూఇంట్ అనే ఫంక్షన్ ప్రతి అక్షరానికీ ఉన్న యూనికోడ్ నంబర్‌ను చూపిస్తుంది. మొదటి పేరుకు ఇలా వస్తుంది: 3118, 3137, 3128, 3149, 3108, 3134, 3116, 3134, 3110, 3149. రెండో పేరుకు ఇవే పది, చివర్లో ఇంకొకటి: 8204.

ఆ 8204 దొంగ ఎవరు? దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కంటికి కనిపించదు, వెడల్పు సున్నా. తెలుగులో దీని అవసరం చాలా ఉంది. "ముస్తాబాద్‌లో" అని రాసినప్పుడు పొల్లు ద్, లో కలిసిపోయి ద్లో అని ఒత్తు పడకుండా ఆపేది ఇదే. ఫోన్‌లో "ముస్తాబాద్‌లో" అని టైప్ చేసి "లో" మాత్రమే చెరిపేస్తే ఈ కనిపించని అక్షరం అక్కడే ఉండిపోవచ్చు. మనకు "ముస్తాబాద్" అనే కనిపిస్తుంది, ఆర్‌కు మాత్రం అది 11 అక్షరాల పేరు.

స్టెప్ 5: సరిచేయండి. జీసబ్ ఫంక్షన్‌తో 8204ను తీసేస్తే సరిపోతుంది. ఆ అక్షరాన్ని టైప్ చేయడం కష్టం కాబట్టి ఇంట్‌టూయూటీఎఫ్8 లోపల 8204 ఇస్తే అదే తయారు చేసి ఇస్తుంది. ముందూ వెనకా ఉన్న ఖాళీలకు ట్రిమ్‌డబ్ల్యూఎస్ వాడండి. ఒక్క జాగ్రత్త. అసలు పేరు ఉన్న కాలమ్‌ను ముట్టుకోవద్దు. అన్నిచోట్లా దీన్ని తీసేస్తే నిజంగా అవసరమైన చోట పేర్లలో అనుకోని ఒత్తులు పడతాయి. పోల్చడానికి మాత్రం వేరే కాలమ్ ఒకటి చేసుకుని దాంట్లో తీసేయండి.

ఇలాంటిదే ఇంకో తెలుగు చిక్కు ఐత్వం. "హైదరాబాద్"లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా దాచవచ్చు. 3144 అనే ఒక్క నంబర్‌గా, లేదా 3142, 3158 అనే రెండు నంబర్లుగా. స్క్రీన్ మీద తేడా తెలియదు. పోల్చితే ఫాల్స్. దీనికి స్ట్రింగీ ప్యాకేజీలోని ఎన్ఎఫ్‌సీ మార్పు ఫంక్షన్ వాడితే రెండూ ఒకటే రూపంలోకి వస్తాయి.

ఈ కేసులో తీర్పు ఏంటంటే, ఆర్ కరెక్టే. "తెలుగు పేర్లతో మెర్జ్ పనిచేయట్లేదు" అని రిపోర్ట్ పెడితే అవతలివాళ్లు ముస్తాబాద్ అని కొత్తగా టైప్ చేసి చూస్తారు. కనిపించని అక్షరం అక్కడ ఉండదు, మెర్జ్ పనిచేస్తుంది. రిపోర్ట్ క్లోజ్ చేస్తారు. మన సమస్య మనదగ్గరే ఉంటుంది.

బగ్‌లా కనిపించేవి, కానీ బగ్ కానివి

ఇవి కొత్తవాళ్లకు ఎప్పుడూ ఎదురయ్యేవే. రిపోర్ట్ పెట్టే ముందు మీది ఈ లిస్ట్‌లో ఉందేమో చూసుకోండి.

• 0.1 + 0.2, 0.3కు సమానం కాదు అంటుంది. కంప్యూటర్ ఈ దశాంశాలను బైనరీలో దాచుతుంది, అక్కడ ఇవి కచ్చితంగా ఇమడవు. ఇది ఆర్ ఒక్కదాని సమస్య కాదు. ఇది ఎంతమంది అడిగారంటే ఆర్ అధికారిక ఎఫ్ఏక్యూలో 7.31 అనే నంబర్‌తోనే ఫేమస్ అయిపోయింది. దశాంశాలను పోల్చడానికి ఆల్.ఈక్వల్ వాడండి, దాన్ని ఈజ్‌ట్రూ లోపల పెట్టండి.

• రౌండ్ ఫంక్షన్‌కు 2.5 ఇస్తే 2 వస్తుంది, 3.5 ఇస్తే 4 వస్తుంది. స్కూల్లో నేర్చుకున్నట్టు 3 రావాలి గదా అనిపిస్తుంది. సరిగ్గా మధ్యలో ఉంటే దగ్గరి సరి సంఖ్యకు వెళ్లాలనేది ఒక అంతర్జాతీయ ప్రమాణం. హెల్ప్ పేజీలో స్పష్టంగా రాసి ఉంది.

• ఫ్యాక్టర్‌ను సంఖ్యగా మారిస్తే 10, 20, 30 బదులు 1, 2, 3 వస్తాయి. లోపల దాచిన కోడ్ నంబర్లు అవి. ముందు క్యారెక్టర్‌గా, తర్వాత న్యూమరిక్‌గా మార్చాలి. 2020 ఏప్రిల్ 24న వచ్చిన 4.0.0 కంటే ముందు ఆర్ టెక్స్ట్ కాలమ్‌లను దానంతట అదే ఫ్యాక్టర్లుగా మార్చేది. పాత వీడియోలు చూసి నేర్చుకునేవాళ్లకు ఇక్కడే తేడా వస్తుంది.

• డీప్లైర్ ప్యాకేజీ లోడ్ చేశాక ఫిల్టర్ ఫంక్షన్ వేరేలా పనిచేస్తుంది. బేస్ ఆర్‌లోనూ ఫిల్టర్ అనే పేరుతో ఒకటి ఉంది, కొత్తది దాన్ని కప్పేసింది. ప్యాకేజీ లోడ్ అయినప్పుడు స్క్రీన్ మీద ఆ మెసేజ్ వస్తుంది, మనం చదవం.

• "కోనరావుపేట" పొడవు 10 అంటుంది. మనం లెక్కపెడితే కో, న, రా, వు, పే, ట, మొత్తం 6. ఎన్‌చార్ యూనికోడ్ నంబర్లను లెక్కపెడుతుంది, గుణింతం గుర్తు కూడా ఒక నంబరే. బైట్లలో అడిగితే 30 చెప్తుంది. మూడూ కరెక్టే, ప్రశ్నలు వేరు. మనం చదివే అక్షరాల లెక్క కావాలంటే స్ట్రింగీలోని బౌండరీ లెక్కింపు వాడాలి.

• పీడీఎఫ్ గ్రాఫ్‌లో తెలుగు బదులు చుక్కలు వస్తాయి. మామూలు పీడీఎఫ్ డివైస్ ఇలాంటి లిపులకు సరిపోదు. బదులుగా కైరో_పీడీఎఫ్ వాడండి, ఇమేజ్ కావాలంటే ర్యాగ్ ప్యాకేజీ. సిస్టమ్‌లో నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంట్ ఉండాలి.

• ఫైల్ ఓపెన్ చేస్తే తెలుగు అంతా ప్రశ్నార్థకాలే. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే అక్కడే తెలుగు పోయి ఉండవచ్చు. పోయిన అక్షరాలను ఆర్ వెనక్కి తేలేదు. అసలు ఎక్సెల్ ఫైల్ నుంచి సీఎస్‌వీ యూటీఎఫ్-8 అనే ఆప్షన్‌తో మళ్లీ సేవ్ చేయండి.

మరి నిజమైన బగ్‌లు ఉండవా? ఉంటాయి

పై లిస్ట్ చూసి "ప్రతిసారీ తప్పు మనదే" అనుకోవద్దు. ఎన్నో ఏళ్లు అందరూ నమ్మిన ఫంక్షన్‌లో కూడా తప్పు దొరికిన సందర్భాలున్నాయి.

మొదటిది శాంపిల్ ఫంక్షన్. లాటరీ తీసినట్టు, ఒక లిస్ట్ నుంచి ఎవరికీ పక్షపాతం లేకుండా కొందరిని ఎంచే ఫంక్షన్ ఇది. సర్వేలకు ఇదే పునాది. కెల్లీ ఒట్టోబోనీ, ఫిలిప్ స్టార్క్ అనే ఇద్దరు పరిశోధకులు లిస్ట్ చాలా పెద్దదైతే ఇది సమానంగా ఎంచట్లేదని చూపించారు. బగ్ నంబర్ 17494. ఆ చర్చలో వచ్చిన ఒక ఉదాహరణ మూడు నాలుగు లైన్లే. 2 పవర్ 32లో ఐదింట రెండు వంతులు, అంటే సుమారు 171.8 కోట్ల సంఖ్యల నుంచి 10 లక్షల సంఖ్యలు తీయండి. సరి, బేసి సగం సగం రావాలి. వచ్చింది దాదాపు 40 శాతం సరి, 60 శాతం బేసి.

కారణం కూడా సింపుల్‌గానే ఉంటుంది. పాత పద్ధతిలో 32 బిట్ల యాదృచ్ఛిక సంఖ్యను తీసుకుని గుణించి, దశాంశాన్ని కత్తిరించేవాళ్లు. పైన చెప్పిన సైజులో ఒక్కో జవాబుకు సగటున రెండున్నర సంఖ్యలు రావాలి. అరముక్క ఇవ్వడం కుదరదు. కాబట్టి ఒకదానికి 3, పక్కదానికి 2, మళ్లీ 3, మళ్లీ 2. బేసి సంఖ్యలకు ప్రతిసారీ 3 పడ్డాయి. 2019 ఏప్రిల్ 26న వచ్చిన 3.6.0 వెర్షన్‌లో డీఫాల్ట్ పద్ధతినే మార్చేశారు. కొన్ని వేల ఊళ్ల నుంచి శాంపిల్ తీసేవాళ్లకు పాత తేడా లెక్కలోకి రానంత చిన్నది. కానీ తప్పు తప్పే కదా.

దీనివల్ల మనకు రోజువారీ పాఠం ఒకటుంది. ఒకే కోడ్, సెట్.సీడ్‌లో ఒకే నంబర్, కానీ రెండు ల్యాప్‌టాప్‌లలో వేరే శాంపిల్ వస్తే ముందు వెర్షన్లు చూడండి. ఒకటి 3.6.0 కంటే పాతది కావచ్చు. పాత ఫలితమే కావాలంటే ఆర్ఎన్‌జీవెర్షన్ ఫంక్షన్‌తో పాత పద్ధతికి వెళ్లొచ్చు.

రెండోది మన తెలుగుకు నేరుగా సంబంధించింది. విండోస్‌లో పాత ఆర్ వాడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. "క" అని ఇస్తే టేబుల్‌లో క బదులు కోణపు బ్రాకెట్ల మధ్య యూ, ప్లస్, దాని కోడ్ నంబర్ వచ్చేది. ఊరి పేరు అంతా కోడ్ నంబర్ల దండలా కనిపించేది. ఎందుకంటే విండోస్‌లో ఆర్ ఆ సిస్టమ్ కోడ్ పేజీ మీద ఆధారపడేది. ఇంగ్లిష్‌కు, యూరప్ భాషలకు కోడ్ పేజీలున్నాయి. తెలుగును అలా సిస్టమ్ కోడ్ పేజీగా పెట్టుకునే వీలు విండోస్‌లో లేదు, యూనికోడ్ ఒక్కటే దారి. లినక్స్, మ్యాక్ వాడేవాళ్లకు ఈ బాధ లేదు.

ఇది ఒక లైన్ మార్చితే పోయే సమస్య కాదు. ఆర్ కోర్ సభ్యుడు తోమాష్ కాలిబెరా ఏళ్లపాటు దీనిమీద పనిచేశారు. ఆర్‌ను, దాంతోపాటు ప్యాకేజీలను విండోస్ కొత్త సీ లైబ్రరీతో మళ్లీ బిల్డ్ చేయాల్సి వచ్చింది. చివరికి 2022 ఏప్రిల్ 22న వచ్చిన 4.2.0తో, విండోస్ 10 1903 అప్‌డేట్ గానీ ఆ తర్వాతది గానీ ఉన్న మెషీన్లలో యూటీఎఫ్-8 డీఫాల్ట్ అయింది. పాత విండోస్‌లలో మాత్రం పాత తీరే. అదే 4.2.0 నుంచి 32 బిట్ విండోస్‌కు ఆర్ బిల్డ్‌లు రావడం కూడా ఆగిపోయింది. సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ఇది చూసుకోండి.

మీ మెషీన్ ఎలా ఉందో తెలియాలంటే ఎల్10ఎన్_ఇన్ఫో అని రన్ చేయండి. యూటీఎఫ్-8 దగ్గర ట్రూ ఉండాలి, విండోస్‌లో కోడ్ పేజీ 65001 అని చూపించాలి.

మూడోది సెక్యూరిటీ బగ్. 2024 ఏప్రిల్‌లో హిడెన్‌లేయర్ అనే సంస్థ దీన్ని బయటపెట్టింది, నంబర్ సీవీఈ-2024-27322. ఎవరో పంపిన ఆర్‌డీఎస్ ఫైల్‌ను ఓపెన్ చేస్తే అందులో దాచిన కోడ్ మన మెషీన్‌లో రన్ అయ్యే ప్రమాదం ఉంది. 4.4.0లో దీన్ని సరిచేశారు. మీ వెర్షన్ అంతకంటే పాతదైతే అప్‌డేట్ చేసుకోండి. అప్‌డేట్ చేసినా తెలియనివాళ్లు పంపిన ఫైల్‌ను నమ్మి ఓపెన్ చేయొద్దు.

రిపోర్ట్‌కు ముందు చెక్‌లిస్ట్

1. ఎర్రర్ మెసేజ్ పూర్తిగా చదవండి. వెంటనే ట్రేస్‌బ్యాక్ రన్ చేయండి. ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిస్తే అది పగిలిందో వరుసగా చూపిస్తుంది.

2. ఎర్రర్ కాకుండా వార్నింగ్ మాత్రమే వస్తుంటే ఆప్షన్స్‌లో వార్న్ విలువను 2 చేయండి. వార్నింగ్ కూడా ఎర్రర్‌లా ఆగుతుంది, ఎక్కడ మొదలైందో దొరుకుతుంది.

3. కొత్త సెషన్‌లో చూడండి. ఆర్‌ను వెనిలా ఆప్షన్‌తో స్టార్ట్ చేస్తే పాత వర్క్‌స్పేస్, మీ సొంత సెట్టింగ్స్ ఏవీ లోడ్ కావు. అక్కడ సమస్య పోయిందంటే కారణం మీ సెట్టింగ్స్‌లోనే ఉంది. ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో పెట్టి చూసినట్టే ఇది.

4. ఆర్‌స్టూడియో లేకుండా చూడండి. టెర్మినల్‌లో రాకుండా ఆర్‌స్టూడియోలోనే వస్తే సంగతి దానిది.

5. ఆర్‌ను, ఆ ప్యాకేజీని లేటెస్ట్ వెర్షన్‌కు తెచ్చి మళ్లీ చూడండి. న్యూస్ ఫంక్షన్‌తో మార్పుల లిస్ట్ చదవండి. మీ బగ్ ఇప్పటికే పోయి ఉండొచ్చు.

6. హెల్ప్ పేజీ మొత్తం చదవండి, ముఖ్యంగా నోట్, డీటెయిల్స్ భాగాలు. ఆర్ చేసేది అక్కడ రాసినదానికి వ్యతిరేకంగా ఉంటే బగ్. మీరు ఊహించినదానికి మాత్రమే వ్యతిరేకంగా ఉంటే బగ్ కాదు. ఆర్ ఏకంగా క్రాష్ అయి మూసుకుపోతే మాత్రం ఎక్కడో ఒక చోట నిజంగా బగ్ ఉందని అర్థం. అది ఆర్‌లోనా, ప్యాకేజీలోనా అన్నదే తేల్చాలి.

7. కోడ్‌ను సగానికి కోయండి, మళ్లీ రన్ చేయండి. సమస్య ఉంటే ఇంకో సగం కోయండి. ఇంకొక్క లైన్ తీసినా సమస్య పోతుంది అనేదాకా తీసుకెళ్లండి. ఈ పనిలోనే చాలాసార్లు జవాబు దొరికిపోతుంది.

ఎక్కడ రిపోర్ట్ చేయాలి?

• ప్యాకేజీ బగ్ అయితే ఆ ప్యాకేజీ మెయింటెయినర్‌కు. మెయింటెయినర్ ఫంక్షన్‌లో ప్యాకేజీ పేరు ఇస్తే ఎవరో చెప్తుంది. బగ్.రిపోర్ట్ ఫంక్షన్‌లో ప్యాకేజీ పేరు ఇస్తే వాళ్లు ఇచ్చిన రిపోర్ట్ పేజీనే ఓపెన్ చేస్తుంది. చాలా ప్యాకేజీలకు గిట్‌హబ్‌లో ఇష్యూస్ పేజీ ఉంటుంది.

• బేస్ ఆర్ బగ్ అయితే ఆర్ ప్రాజెక్ట్ నడిపే బగ్‌జిల్లాలో. స్పామ్ ఎక్కువైందని 2016 నుంచి అక్కడ ఎవరికి వాళ్లు అకౌంట్ తెరుచుకునే వీలు లేదు. ఆర్ వెబ్‌సైట్‌లోని బగ్ పేజీలో ఇచ్చిన అడ్రస్‌కు మెయిల్ చేసి అకౌంట్ అడగాలి. ముందుగా అదే బగ్ ఎవరైనా పెట్టారేమో సెర్చ్ చేయండి.

• ఆర్‌స్టూడియోది అయితే పాజిట్‌కు.

• సెక్యూరిటీ బగ్ అయితే అందరికీ కనిపించేలా పెట్టొద్దు. ముందు డెవలపర్లకు ప్రైవేట్‌గా చెప్పండి.

రిపోర్ట్‌లో ఏం రాయాలి?

"మెర్జ్ పనిచేయట్లేదు, అర్జెంట్, ప్లీజ్ హెల్ప్." ఇలాంటి టికెట్ చూస్తే నాకు చేయడానికి ఏమీ ఉండదు. ఏ వెర్షన్, ఏ డేటా, ఏం వచ్చింది, ఏం రావాలి అని నాలుగు ప్రశ్నలు తిరిగి పంపాలి. మంచి రిపోర్ట్‌లో ఆ నాలుగింటికీ ముందే జవాబులుంటాయి.

టైటిల్: ఏ ఫంక్షన్, ఏ పరిస్థితిలో, ఏం తప్పు. "శాంపిల్: సైజు 2 పవర్ 31కి దగ్గరగా ఉంటే సరి, బేసి సమానంగా రావట్లేదు" అన్నట్టు ఉండాలి.

కోడ్: కాపీ చేసి పేస్ట్ చేస్తే నేరుగా రన్ అయ్యేది. స్క్రీన్‌షాట్ వద్దు, ఫోన్‌తో తీసిన మానిటర్ ఫొటో అసలే వద్దు. ఫొటోలోంచి కోడ్ ఎవరూ టైప్ చేయరు. రెప్రెక్స్ అనే ప్యాకేజీ మీ కోడ్‌ను ఖాళీ సెషన్‌లో రన్ చేసి, అవుట్‌పుట్‌తో సహా పేస్ట్ చేయడానికి రెడీ చేసి ఇస్తుంది.

డేటా: ఐదారు వరుసలు చాలు. డీపుట్ ఫంక్షన్ డేటాను కోడ్ రూపంలోకి మార్చి ఇస్తుంది. నిజమైన పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఎట్టి పరిస్థితుల్లోనూ పంపొద్దు. డమ్మీ విలువలు పెట్టి, బగ్ అప్పుడూ వస్తోందని చూసుకుని పంపండి. తెలుగు టెక్స్ట్ అయితే దాని యూనికోడ్ నంబర్లు కూడా ఇవ్వండి. కాపీ పేస్ట్‌లో కనిపించని అక్షరాలు పోయినా నంబర్లు పోవు. ర్యాండమ్ ఏదైనా ఉంటే సెట్.సీడ్ పెట్టండి.

వచ్చింది, రావాల్సింది: రెండూ విడివిడిగా రాయండి. రావాల్సింది అదే అని ఎందుకు అంటున్నారో హెల్ప్ పేజీలోని విషయంతో చూపించండి.

మెషీన్ వివరాలు: సెషన్‌ఇన్ఫో అవుట్‌పుట్ మొత్తం. ఆర్ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, లొకేల్, లోడ్ అయిన ప్యాకేజీలు అన్నీ అందులోనే వస్తాయి.

ఊహలు చివర్లో: "కారణం ఇది కావచ్చు" అని మీకు అనిపించింది విడిగా రాయండి. చూసిందీ ఊహించిందీ కలిపేస్తే చదివేవాళ్లు దారి తప్పుతారు.

తరచూ అడిగే ప్రశ్నలు

ల్యాప్‌టాప్ లేదు, ఫోన్‌లో ఇవన్నీ చేయొచ్చా?
పాజిట్ క్లౌడ్ బ్రౌజర్‌లోనే నడుస్తుంది, ఫోన్‌లో కూడా ఓపెన్ అవుతుంది. చిన్న కోడ్ టెస్ట్ చేయడానికి సరిపోతుంది. దీంతో ఇంకో లాభం ఉంది. మీ విండోస్ ల్యాప్‌టాప్‌లో వచ్చే తప్పు అక్కడ రాకపోతే, సమస్య మీ సిస్టమ్‌కు సంబంధించింది కావచ్చని తెలుస్తుంది.

ఇంగ్లిష్ అంత బాగా రాదు, రిపోర్ట్ ఎలా?
పెద్ద పెద్ద వాక్యాలు అక్కర్లేదు. రన్ అయ్యే నాలుగు లైన్ల కోడ్, "ఇది వచ్చింది, అది రావాలి" అనే రెండు ముక్కలు ఉంటే చాలు. డెవలపర్లు ముందు చూసేది కోడ్‌నే.

చాట్‌బాట్ ఇది బగ్ అని చెప్పింది. నమ్మొచ్చా?
కారణాలు వెతకడానికి వాడుకోండి, తీర్పుకు కాదు. అది చెప్పిన ఫంక్షన్ నిజంగా ఉందా, హెల్ప్ పేజీలో అలాగే రాసి ఉందా అని మీ మెషీన్‌లో మీరే చూసుకోవాలి. అది రాసిచ్చిన రిపోర్ట్‌ను రన్ చేయకుండా పంపితే అవతలివాళ్ల టైమ్ వేస్ట్.

"ఇది బగ్ కాదు" అని క్లోజ్ చేశారు. ఇప్పుడేంటి?
కారణం చదవండి. హెల్ప్ పేజీలోని ఏ వాక్యం మీకు అర్థం కాలేదో చెప్తే, ఆ వాక్యాన్ని మెరుగుపరచడం కూడా పనికొచ్చే మార్పే. అదనపు వివరాలు అడిగితే మాత్రం జవాబు ఇవ్వండి. సగంలో వదిలేసిన రిపోర్ట్‌తో ఎవరూ ఏమీ చేయలేరు.

చివరగా

శాంపిల్ ఫంక్షన్‌లో తప్పు ఉంటే ప్రపంచంలో ఏ మూల ఉన్నవాళ్లయినా పట్టుకోగలరు, ఎందుకంటే అంకెలు అందరికీ ఒకటే. తెలుగు అక్షరాల సంగతి అలా కాదు. గ్రాఫ్‌లో ఒత్తు విరిగిందా, ఐత్వం రెండు ముక్కలైందా, పొల్లు తర్వాత కనిపించని అక్షరం మిగిలిందా అన్నది ఆక్లాండ్‌లోనో ప్రాగ్‌లోనో కూర్చున్న డెవలపర్ స్క్రీన్ మీద కనబడదు. కనబడినా అది తప్పని వాళ్లకు తెలియదు. తెలుగు చదవగలిగినవాళ్లకే తెలుస్తుంది. మనం "ఇంగ్లిష్‌లో పెట్టేస్తే పోలా" అని పక్కదారి పడితే ఆ బగ్ ఎప్పటికీ అక్కడే ఉంటుంది, మన తర్వాత వచ్చేవాళ్లు కూడా దాన్నే తట్టుకుంటారు.

కాబట్టి ఈసారి తెలుగు టేబుల్‌లో తేడా కనిపిస్తే ముందు వరుసలు లెక్కపెట్టండి, యూనికోడ్ నంబర్లు చూడండి, కొత్త సెషన్‌లో మళ్లీ రన్ చేయండి. తప్పు డేటాది అయితే అరగంటలో దొరుకుతుంది. నిజంగా ఆర్‌దే అని తేలితే పైన చెప్పినట్టు నాలుగు లైన్ల కోడ్‌తో, సెషన్‌ఇన్ఫోతో రిపోర్ట్ పెట్టండి.